డ్రమ్‌హెల్లర్ చూడబోతున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు, జవాబులు

కెనడాలోని ఆల్బర్టాలో, కాల్గరీకి ఈశాన్యంగా రెడ్ డియర్ నది లోయలో ఉన్న చిన్న ఊరు డ్రమ్‌హెల్లర్. డైనోసార్ శిలాజాలకు పేరుపొందింది. 2021 లెక్కల ప్రకారం జనాభా 8 వేలకు కాస్త తక్కువ. కాల్గరీ, ఎడ్మంటన్ తెలుగు కుటుంబాల్లో ఇండియా నుంచి చుట్టాలు వస్తే బాన్ఫ్ తర్వాత ఎక్కువగా తీసుకెళ్ళేది ఇక్కడికే. ప్రతి వేసవిలోనూ అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాం. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## బయలుదేరే ముందు

కాల్గరీ నుంచి ఎంత దూరం? ఏ దారి మంచిది?

సుమారు 140 కిలోమీటర్లు, గంటన్నర ప్రయాణం. ఊరికి ఉత్తరం వైపు ఉండేవారు హైవే 2 మీద వెళ్ళి, హైవే 72 మీదకు తూర్పుగా తిరిగితే బైసెకర్ దగ్గర హైవే 9 కలుస్తుంది. తూర్పు వైపు ఉండేవారు ట్రాన్స్-కెనడా హైవే మీద కొంత దూరం పోయి నేరుగా హైవే 9 ఎక్కవచ్చు. రెండు దారుల్లోనూ చివరిదాకా చదునైన పొలాలే. ఎక్కడా కొండ కనిపించదు. ఉన్నట్టుండి నేల విరిగి రోడ్డు లోయలోకి దిగుతుంది. మొదటిసారి వచ్చేవారు ఆ క్షణాన్ని ఫోన్‌లో కాకుండా కిటికీలోంచి చూడాలి. ఎడ్మంటన్ నుంచి అయితే దాదాపు 280 కిలోమీటర్లు, మూడు గంటలు పడుతుంది.

కారు లేకుండా వెళ్ళగలమా?

కష్టం. గ్రేహౌండ్ బస్సులు పశ్చిమ కెనడాలో 2018 అక్టోబరుతో ఆగిపోయాయి. కాల్గరీ నుంచి టూర్ బస్సులో వెళ్ళి రావచ్చు గానీ, చూడాల్సినవి లోయ పొడుగునా యాభై కిలోమీటర్ల మేర చెదిరి ఉన్నాయి. అన్నీ చూడాలంటే నలుగురు కలిసి కారు అద్దెకు తీసుకోవడమే నయం.

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

మే మూడో వారం నుంచి జూన్ చివరిదాకా, మళ్ళీ సెప్టెంబరంతా. జూలై, ఆగస్టుల్లో అన్నీ తెరిచే ఉంటాయి, కానీ లోయలో నీడ తక్కువ. పైన మైదానంలో హాయిగా ఉన్న రోజున కూడా కింద తెల్లటి మట్టి గోడల మధ్య ఎండ చుర్రుమంటుంది. శీతాకాలంలో డైనోసార్ల మ్యూజియం, పెద్ద డైనోసార్ బొమ్మ చూడవచ్చు. కార్లను నది దాటించే పడవ బ్లేరియో ఫెర్రీ మాత్రం నది గడ్డకట్టే కాలంలో నడవదు, అట్లాస్ బొగ్గు గని కూడా చలికాలంలో మూసేస్తారు.

ఒక్కరోజే ఉంది. ఏ వరసలో చూడాలి?

వేసవి అయితే ఉదయం ఏడింటికల్లా కాల్గరీలో బయలుదేరి, తలుపులు తీసే వేళకు రాయల్ టిరెల్ మ్యూజియం చేరండి. పదకొండు దాటితే పార్కింగ్ దొరకదు, పిల్లలు ఎముకలకు బదులు జనం వీపులు చూడాల్సి వస్తుంది. పన్నెండింటికి బయటికి వచ్చి భోజనం కానివ్వండి. తర్వాత నదికి రెండు ఒడ్డులా సాగే రోడ్డు, డైనోసార్ ట్రైల్, చుట్టు తిరగండి. మొత్తం 48 కిలోమీటర్లే అయినా ఆగుతూ వెళ్తే రెండు గంటలు. నాలుగింటికి ఊళ్ళో పెద్ద డైనోసార్, ఆరింటికి హూడూలనే రాతి స్తంభాలు. తిరుగుదారిలో సూర్యాస్తమయానికి హార్స్‌షూ కాన్యన్. జూన్‌లో పొద్దు పోయేసరికి పది కావస్తుంది కాబట్టి తొందర పడక్కర్లేదు.

అట్లాస్ గని కూడా చూడాలంటే మాత్రం ఒక్కరోజు చాలదు. ఆ రాత్రి అక్కడే ఉండండి, లేదా డైనోసార్ ట్రైల్ వదిలేయండి. అన్నింటినీ ఒకే రోజులో ఇరికిస్తే ఎక్కడా ఇరవై నిమిషాలు నిలవలేరు.

డ్రమ్‌హెల్లర్, డైనోసార్ ప్రొవిన్షియల్ పార్క్ ఒకటేనా?

కాదు. అందరూ ఎక్కువగా పొరబడేది ఇక్కడే. 1979లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించిన డైనోసార్ ప్రొవిన్షియల్ పార్క్ బ్రూక్స్ పట్టణం దగ్గర ఉంది. డ్రమ్‌హెల్లర్ నుంచి ఆగ్నేయంగా దాదాపు రెండు గంటల ప్రయాణం. నది ఒకటే, రెడ్ డియర్, కానీ స్థలాలు వేరు. పెద్ద మ్యూజియం, ఎత్తైన డైనోసార్ బొమ్మ డ్రమ్‌హెల్లర్‌లో ఉన్నాయి. మ్యాప్‌లో పేరు చూసి పార్క్‌కు దారి పెట్టుకుని, అక్కడికి వెళ్ళాక మ్యూజియం ఎక్కడని అడిగేవారు ఏటా ఉంటారు.

శాకాహారులం. తిండి సంగతేమిటి?

ఊళ్ళో పిజ్జా, బర్గర్, కాఫీ దుకాణాలు దొరుకుతాయి. మన భోజనం దొరుకుతుందన్న ఆశతో మాత్రం బయలుదేరవద్దు. పులిహోర, చపాతీలు, పెరుగన్నం డబ్బాల్లో పెట్టుకుని వెళ్ళడమే మంచిది. పెరుగన్నం కూలర్‌లో ఐసు పెట్టి ఉంచాలి, ఎండలో నిలిపిన కారు డిక్కీలో మధ్యాహ్నానికి పులిసిపోతుంది. తినడానికి మిడ్‌ల్యాండ్ ప్రొవిన్షియల్ పార్కులోని మక్‌మలన్ ఐలండ్ అనువైన చోటు. నది ఒడ్డున పెద్ద చెట్లు, బల్లలు ఉంటాయి, మ్యూజియంకి దగ్గర. నీళ్ళు తలకు రెండు లీటర్లు తక్కువ కాకుండా తీసుకెళ్ళండి.

## ఊళ్ళో

ఆ పెద్ద డైనోసార్ నిజంగా ప్రపంచంలోనే పెద్దదా? లోపలికి వెళ్ళవచ్చా?

ఊరివాళ్ళు టైరా అని పిలుచుకునే ఈ టైరనోసారస్ రెక్స్ ఎత్తు 26 మీటర్ల పైచిలుకు, అంటే 86 అడుగులు. తోకతో కలిపి పొడవు 46 మీటర్లు. లోపల ఉక్కు, పైన ఫైబర్‌గ్లాస్. 2000లో తెరిచారు, ప్రపంచంలో అతి పెద్ద డైనోసార్ అన్న పేరుతోనే. అసలు టి-రెక్స్ ముక్కు నుంచి తోక కొస దాకా సుమారు 12 మీటర్లు. కాబట్టి ఈ బొమ్మ కొలతలు చూసి పిల్లలు జంతువే అంత ఉండేదనుకోకుండా ముందే చెప్పండి.

లోపలికి వెళ్ళవచ్చు. కింద ఉన్న పర్యాటక సమాచార కేంద్రంలో టికెట్ తీసుకుని 106 మెట్లెక్కితే నోట్లోకి చేరతారు. ఒకేసారి పది మంది దాకా పడతారు. పళ్ళ మధ్య నుంచి ఊరు, నది, ఎదుటి గుట్టల చారలు కనిపిస్తాయి. వేసవి వారాంతాల్లో మెట్ల మీదే వరస కట్టాల్సి వస్తుంది. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ మేలు.

మా అమ్మానాన్నలకు మోకాళ్ళ నొప్పులు. 106 మెట్లు ఎక్కగలరా?

లిఫ్టు లేదు, మెట్లు ఇరుకు, పైకి ఎక్కేవారూ కిందికి దిగేవారూ అదే దారిలో ఎదురవుతారు. సగంలో ఆగి వెనక్కి తిరగాలంటే వెనకున్న వాళ్ళందరినీ కదిలించాలి. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు, ఇరుకు చోట్లలో ఊపిరాడనట్టు ఉండేవారు కిందే ఉండడం మంచిది. పక్కనే పిల్లలు తడిసే నీటి ఆటస్థలం, కూర్చోవడానికి చోటు ఉన్నాయి. పెద్దవాళ్ళకు అసలు సంతృప్తి మ్యూజియంలో దొరుకుతుంది, అక్కడ చక్రాల కుర్చీతో కూడా తిరగవచ్చు.

ఫోటోలో డైనోసార్ మొత్తం పట్టడం లేదు, ఏం చేయాలి?

కాళ్ళ దగ్గర నిలబడి తీస్తే పొట్టే వస్తుంది. వంద అడుగులైనా వెనక్కి వెళ్ళి, ఫోన్‌ నిలువుగా పట్టుకోండి. మనుషులు బొమ్మకూ కెమెరాకూ మధ్య కాకుండా బొమ్మ పాదం పక్కనే నిలబడితేనే దాని పరిమాణం తెలుస్తుంది.

టైరాను తీసేస్తారని విన్నాం, నిజమా?

2025లో డ్రమ్‌హెల్లర్ చాంబర్ ఆఫ్ కామర్స్ చేసిన ప్రకటన ఇది: స్థలం లీజు 2029 చివరితో ముగుస్తుందని, అప్పుడు మూసేస్తామని. ఆ మాటకు ఊళ్ళోనూ బయటా చాలామంది బాధపడ్డారు. 25 ఏళ్ళుగా ఈ ఊరంటే గుర్తొచ్చే బొమ్మ అది మరి. వెళ్ళే ముందు తాజా సమాచారం చూసుకోండి.

వీధుల్లో ఉన్న చిన్న చిన్న డైనోసార్లకు టికెట్ ఉందా?

లేదు. దుకాణాల ముందు, కూడళ్ళలో రంగురంగుల బొమ్మలు డజన్ల కొద్దీ ఉంటాయి. పిల్లలకు లెక్కపెట్టే పని అప్పగిస్తే ఊరి నడిబొడ్డంతా సరదాగా నడిచేస్తారు.

ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది?

ఇక్కడ భూమి కొని బొగ్గు తవ్వకాల మీద ఆశ పెట్టుకున్న శామ్యూల్ డ్రమ్‌హెల్లర్ పేరు అది. పేరు ఎవరిది పెట్టాలో నాణెం ఎగరేసి తేల్చారని ఊళ్ళో చెప్పుకుంటారు. 1930లో నగర హోదా వచ్చింది. 1998లో చుట్టుపక్కల గ్రామీణ ప్రాంతంతో కలిపేశాక మళ్ళీ పట్టణంగా మారింది.

## మ్యూజియం

రాయల్ టిరెల్ మ్యూజియానికి ఎంతసేపు కేటాయించాలి? టికెట్ ముందే కొనాలా?

మూడు గంటలు. ఎనిమిదేళ్ళ డైనోసార్ పిచ్చి పిల్లవాడు వెంట ఉంటే నాలుగు. మే నడిమి నుంచి ఆగస్టు దాకా సాధారణంగా ఉదయం 9 నుంచి రాత్రి 9 వరకు, మిగతా కాలంలో 10 నుంచి 5 వరకు తెరుస్తారు. వేసవి దాటాక చాలా సోమవారాలు సెలవు. ఈ ఒక్క సంగతి చూసుకోకుండా వచ్చి మూసిన తలుపు చూసి వెళ్ళేవారు చాలామంది. జూలై, ఆగస్టు, పొడవాటి వారాంతాల్లో టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. మ్యూజియం ఊరి మధ్యలో లేదు, వాయవ్యంగా ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంది.

అక్కడ తప్పకుండా చూడాల్సినవి ఏవి?

మొదటిది బోరియాలోపెల్టా అనే కవచపు డైనోసార్. 2011లో ఫోర్ట్ మక్‌మరీ దగ్గర చమురు ఇసుక గనిలో యంత్రం నడిపే వ్యక్తికి కనిపించింది. వయసు దాదాపు 11 కోట్ల ఏళ్ళు. మనకు మ్యూజియంలలో మామూలుగా కనిపించేది ఎముకల గూడు. ఇది అలా కాదు, ఒంటి మీది కవచం, చర్మం ఉన్నవి ఉన్నట్టుగా రాయైపోయి, నిద్రపోతున్న జంతువులా ఉంటుంది. దాని చుట్టూ ఉన్న రాయిని తొలగించడానికి ఒకే నిపుణుడు దాదాపు 7,000 గంటలు పనిచేశారు. జంతువు శాస్త్రీయ నామంలో ఆయన పేరు చేర్చారు. దాని ముందు పది నిమిషాలు నిలబడండి, తొందరపడి దాటిపోవద్దు.

రెండోది నల్లటి ఎముకల టి-రెక్స్, బ్లాక్ బ్యూటీ. మట్టిలోని మాంగనీస్ ఎముకల్లోకి చేరడంతో ఆ రంగు వచ్చింది. మూడోది అద్దం వెనక ఉన్న ప్రయోగశాల. నిపుణులు సన్నని పనిముట్లతో రాతి నుంచి ఎముకను వేరు చేయడం కళ్ళారా చూడవచ్చు. బయటికి వచ్చాక ఓపిక ఉంటే 1.4 కిలోమీటర్ల నడక బాట ఉంది, గుట్టల మధ్య నుంచి తిరిగి మళ్ళీ అక్కడికే వస్తుంది.

టిరెల్ అంటే ఎవరు? ఈ ఊళ్ళోనే డైనోసార్లు ఎందుకు?

జోసెఫ్ బర్ టిరెల్ భూగర్భ శాస్త్రవేత్త. 1884లో ఈ లోయలో బొగ్గు పొరల కోసం వెతుకుతుంటే ఒక మాంసాహార డైనోసార్ పుర్రె కనబడింది. 1905లో, ఆల్బర్టా రాష్ట్రంగా ఏర్పడిన సంవత్సరంలోనే, దానికి ఆల్బర్టోసారస్ అని పేరు పెట్టారు.

బొగ్గు, డైనోసార్ ఒకేచోట దొరకడం యాదృచ్ఛికం కాదు. ఏడు కోట్ల ఏళ్ళ కిందట ఇది సముద్రపు ఒడ్డున చిత్తడి నేల, అడవి. కూలిన చెట్లు బొగ్గయ్యాయి, నదుల బురదలో కూరుకుపోయిన జంతువులు శిలాజాలయ్యాయి. మంచుయుగం చివర కరిగిన నీళ్ళు మైదానాన్ని కోసి ఈ లోయ చేశాయి కాబట్టి ఆ పొరలన్నీ గోడల మీద బయటపడ్డాయి. గుట్టల్లో కనిపించే నల్ల చారలు బొగ్గే.

తెలుగువాళ్ళకు ఇది దగ్గరి విషయం. గోదావరి లోయలో ఒకవైపు సింగరేణి బొగ్గు ఉంటే, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లిలో కోటాసారస్ అనే డైనోసార్ ఎముకలు దొరికాయి. అయితే అక్కడ బొగ్గు పొరలు డైనోసార్ కంటే చాలా పాతవి. ఆ కోటాసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. పిల్లలకు రెండూ చూపిస్తే ఆ కథ మనదేనని తెలుస్తుంది.

## లోయ చుట్టూ

హూడూలు అంటే ఏమిటి? ఎక్కవచ్చా?

ఊరికి ఆగ్నేయంగా హైవే 10 మీద 16 కిలోమీటర్లు వెళ్తే, గొడుగు పెట్టుకున్నట్టు నిలిచిన ఇసుకరాతి స్తంభాలు కనిపిస్తాయి. ఎత్తు ఐదు నుంచి ఏడు మీటర్లు. పైన గట్టి రాతి పలక, కింద మెత్తటి ఇసుకరాయి. వాన పడ్డప్పుడు పలక కింద ఉన్నంత మేర తడవదు, చుట్టుపక్కలదంతా కోసుకుపోతుంది. అలా వేల ఏళ్ళకు స్తంభం మిగిలింది. పలక పడిపోయిన రోజు నుంచి ఆ స్తంభం కరగడం మొదలవుతుంది.

ఎక్కకూడదు, ఆనుకోకూడదు, పేర్లు చెక్కకూడదు. చట్టం ఒప్పుకోదన్నది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, చెప్పు అంచు తగిలినా రాలిపోయేంత మెత్తటి రాయి అది. ఫోటో కోసం పిల్లవాణ్ణి పలక మీద కూర్చోబెట్టడం మనవాళ్ళలోనూ చూస్తుంటాం. దయచేసి అలా చేయవద్దు, రాలినదాన్ని మళ్ళీ ఎవరూ అతికించలేరు. మెట్లు, నడక బాటలు ఉన్నాయి, వాటి మీది నుంచే అన్నీ బాగా కనిపిస్తాయి. వేసవిలో పార్కింగ్‌కు రుసుము ఉంటుంది.

వాన పడితే గుట్టల్లో నడవవచ్చా?

వద్దు. ఇక్కడి మట్టిలో బెంటోనైట్ ఎక్కువ. అగ్నిపర్వతాల బూడిద నుంచి పుట్టిన బంకమట్టి అది. మన నల్లరేగడిలో ఉండేదీ అదే జాతి మట్టి కాబట్టి మీకు వేరే చెప్పక్కర్లేదు: తడిస్తే ఉబ్బుతుంది, సబ్బులా జారుతుంది, బూటుకు కిలోల కొద్దీ అంటుకుంటుంది. ఎండితే పేలాల్లా పగిలి వదులుగా ఉంటుంది. ఎండినప్పుడు సులువుగా ఎక్కిన గుట్ట, చిన్న జల్లు పడ్డాక దిగడం కుదరదు. కాళ్ళు విరగ్గొట్టుకునేది ఎక్కువగా దిగేటప్పుడే. వాన వెలిశాక కనీసం ఒక పూర్తి ఎండరోజు ఆగండి.

ఎండిన రోజున కూడా చెప్పులు పనికిరావు. నేలబారు ముళ్ళ జెముడు, అక్కడక్కడా రాటిల్ పాములు ఉంటాయి. మడమ మూసిన బూట్లు వేసుకోండి, కనిపించని బొరియల్లో చేతులు పెట్టవద్దు.

శిలాజం దొరికితే ఇంటికి తెచ్చుకోవచ్చా?

ప్రొవిన్షియల్ పార్కుల్లో అయితే గులకరాయి కూడా తీయకూడదు. సొంత భూముల్లో యజమాని అనుమతితో నేల మీద పడి ఉన్నదాన్ని తీసుకోవచ్చు గానీ, అది మీ సొత్తు కాదు, ఆల్బర్టా ప్రభుత్వానిదే. మీరు కాపలాదారు మాత్రమే. తవ్వాలంటే పర్మిట్ కావాలి, అది శాస్త్రవేత్తలకే ఇస్తారు. అనుమతి లేకుండా ఆల్బర్టా దాటించడం నేరం, ఇండియాకు వెళ్ళే సూట్‌కేసులో జ్ఞాపికగా పెట్టుకున్నా సరే. జరిమానా 50,000 డాలర్ల దాకా, ఏడాది జైలు కూడా పడవచ్చు.

ఎముకలా ఏదైనా కనబడితే కదపకండి. పక్కన నాణెం పెట్టి ఫోటో తీయండి, ఫోన్‌లో ఆ చోటు గుర్తించి, మ్యూజియంకి పంపండి. ఎముక ఉన్న దిక్కు, దాని చుట్టూ ఉన్న మట్టి పొర శాస్త్రవేత్తలకు ఎముకంత ముఖ్యం. చేతిలోకి తీసుకున్న క్షణంలో ఆ సమాచారం పోతుంది.

డైనోసార్ ట్రైల్‌లో ఎక్కడెక్కడ ఆగాలి?

ఉత్తరపు ఒడ్డున మ్యూజియం దగ్గర్లోనే చిన్న చర్చి వస్తుంది. 1991లో మళ్ళీ నిర్మించారు. లోపల ఆరుగురే పడతారు. ఐదు నిమిషాలు చాలు. తర్వాత హార్స్‌థీఫ్ కాన్యన్, ఇక్కడ కనీసం అరగంట. పేరు వెనక కథ ఏమిటంటే, మేతకు వదిలిన గుర్రాలు ఈ లోయలో మాయమై, వేరే ముద్రతో బయటికి వచ్చేవట. అంచు దగ్గర కంచె ఉంటుందని అనుకోకండి, పిల్లల చేతులు పట్టుకునే ఉండండి.

అక్కడి నుంచి దిగితే బ్లేరియో ఫెర్రీ. తీగ పట్టుకుని నది దాటించే ఈ పడవ 1913 నుంచి ఉంది. 1909లో విమానంలో ఇంగ్లిష్ చానల్ దాటిన లూయీ బ్లేరియో తమ్ముడు ఆంద్రే పేరు పెట్టారు. కారుతోసహా ఎక్కవచ్చు, ఉచితం. వారాంతం మధ్యాహ్నం రెండు మూడు విడతలు ఆగాల్సి రావచ్చు. మూసి ఉంటే వచ్చిన దారినే వెనక్కి రావాలి కాబట్టి బయలుదేరే ముందే ఆల్బర్టా రోడ్ల సమాచార సేవలో చూసుకోండి. అవతల ఒడ్డున ఆర్క్‌నీ వ్యూపాయింట్ నుంచి లోయ మెలికలన్నీ కనిపిస్తాయి.

అట్లాస్ బొగ్గు గనికి వెళ్ళడం తప్పనిసరా?

మా మాట వింటే వెళ్ళండి. అందరూ డైనోసార్ చూసి వెనుదిరుగుతారు. కానీ ఈ ఊరిని కట్టింది బొగ్గు. 1911 నుంచి 1979 దాకా ఈ లోయలో 139 గనులు నమోదయ్యాయి. 1947లో లెడ్యూక్‌లో చమురు పడింది, ఇళ్ళలో బొగ్గు పొయ్యిల స్థానంలో గ్యాస్ వచ్చింది, గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి.

ఈస్ట్ కూలీ దగ్గరున్న అట్లాస్ గనిలో కెనడాలో నిలిచి ఉన్న ఆఖరి చెక్క టిపుల్ ఉంది. టిపుల్ అంటే గనిలోంచి వచ్చిన బొగ్గును జల్లెడ పట్టి, ముక్కల పరిమాణాన్ని బట్టి వేరుచేసి, రైలు పెట్టెల్లోకి పోసే కట్టడం. ఎనిమిది అంతస్తుల ఎత్తున నల్లబడిన దుంగలతో నిలిచి ఉంటుంది. గైడ్ వెంట వెళ్ళే టూర్ తీసుకోండి, ఊరికే చుట్టూ తిరిగి వస్తే జల్లెడలు ఎలా కదిలేవో అర్థం కాదు. మసి అంటుతుంది, తెల్లబట్టలు వద్దు. కొత్తగూడెం, గోదావరిఖని వైపు నుంచి వచ్చిన పెద్దవాళ్ళు వెంట ఉంటే ఇక్కడ గైడ్ కంటే వాళ్ళే ఎక్కువ చెబుతారు.

రోజ్‌డేల్ వేలాడే వంతెన, వేన్ ఊరు చూడదగ్గవేనా?

వంతెన 1931లో స్టార్ గని కూలీలు నది దాటడానికి కట్టినది, పొడవు 117 మీటర్లు. మరమ్మతులకు మూసి ఉంచే రోజులు ఉంటాయి కాబట్టి తెరిచి ఉందో లేదో పట్టణ వెబ్‌సైట్‌లో చూశాకే వెళ్ళండి. వేన్‌కు వెళ్ళే ఆరు కిలోమీటర్ల దారిలో 11 వంతెనలు వస్తాయి. చాలావాటి మీద ఒక్క బండే పడుతుంది, ఎదుటివారు ముందెక్కితే మీరు ఆగాలి. ఒకప్పుడు వేల మంది ఉన్న ఊళ్ళో ఇప్పుడు కొన్ని ఇళ్ళే. 1913 నాటి రోజ్‌డియర్ హోటల్, దాని బారు మాత్రం ఇంకా నడుస్తున్నాయి.

## తిరుగు ప్రయాణం

హార్స్‌షూ కాన్యన్‌లో కిందికి దిగాలా, పైనుంచి చూస్తే చాలా?

ఊరికి 17 కిలోమీటర్ల దూరంలో హైవే 9 పక్కనే ఉంటుంది. పది నిమిషాలే ఉంటే పైన వేదిక నుంచి చూడండి. గంట ఉంటే మెట్ల మీదుగా దిగండి, అడుగున నిలబడితేనే చారల ఎత్తు తెలుస్తుంది. దిగినంత సులువుగా ఎక్కలేరు. సూర్యుడు వాలేటప్పుడు గోధుమ, ఎరుపు, బూడిద రంగు పొరలు విడివిడిగా కనిపిస్తాయి. నడి మధ్యాహ్నం అన్నీ ఒకే రంగులో పాలిపోయి ఉంటాయి.

రాత్రిపూట కారు నడపడం సురక్షితమేనా?

చీకటి పడే వేళ జింకలు రోడ్డు దాటుతాయి. ఒకటి దాటితే వెనక ఇంకొకటి ఉంటుందని అనుకుని వేగం తగ్గించండి. లోయలో ఫోన్ సిగ్నల్ పోయే చోట్లు ఉన్నాయి, మ్యాప్ ముందే దింపుకోండి. పెట్రోలు డ్రమ్‌హెల్లర్‌లోనే పోయించుకోండి, లోయ చివరి చిన్న ఊళ్ళను నమ్ముకోవద్దు.

దగ్గర్లో ఇలాంటి రోడ్డు పక్క వింతలు ఇంకేమున్నాయి?

హైవే 9 మీదే బైసెకర్‌లో స్క్వర్ట్ అనే పెద్ద స్కంక్ బొమ్మ ఉంది. స్కంక్ అంటే దుర్వాసన చిమ్మే చిన్న జంతువు. ఫోటోకు ఐదు నిమిషాలు ఆగవచ్చు. పడమరగా హైవే 27 మీద టోరింగ్టన్‌లో గోఫర్ హోల్ మ్యూజియం ఉంది. మైదానపు నేల ఉడతలను పంతులుగా, మంగలిగా, రైతుగా ముస్తాబు చేసి చిన్న గాజుపెట్టెల్లో పెట్టారు. 1996లో మొదలైంది, వేసవిలోనే తెరుస్తారు. ఎడ్మంటన్ వైపు వెళ్ళేవారు ఆ నగరానికి తూర్పుగా 100 కిలోమీటర్ల దూరంలోని వెగ్రివిల్ దాకా పోతే ఉక్రెయిన్ వలసదారుల ఆచారానికి గుర్తుగా 1975లో నిలిపిన రంగుల గుడ్డు చూడవచ్చు. 9 మీటర్లకు పైగా ఎత్తున్న ఆ లోహపు గుడ్డు గాలికి తిరుగుతుంది. అందుకే గాలి ఉన్న రోజు చూసుకుని వెళ్ళండి.